హీరోలా వచ్చిన విలన్లు

"అన్నా, మన దేశానికి ఒక్క హిట్లర్ రావాలన్నా. అప్పుడుగానీ అందరూ లైన్లో పడరు!"

ఈ డైలాగు ఏ సినిమాలోదీ కాదు. ఖమ్మం ఊరిని ఆనుకుని ఉన్న ఖానాపురం హవేలిలో సెకండ్ షో చూసొచ్చి టీ తాగే కుర్రాళ్ళ నోట వినిపించే మాట. ఖానాపురమే అక్కర్లేదు, ఏ ఊళ్ళోనైనా వింటారు. కరెంటు పోయినా, ఆఫీసులో పని కాకపోయినా, లంచం ఇచ్చుకోవాల్సి వచ్చినా మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది హిట్లరే. వాళ్ళనీ పూర్తిగా తప్పుపట్టలేం. కోర్టుతో పనిలేకుండా, పోలీసులతో పనిలేకుండా, ఓటుతో అసలే పనిలేకుండా హీరోగారు మూడు గంటల్లో ఒంటిచేత్తో ఊరిని బాగుచేసేస్తుంటే చూసీ చూసీ, బయట కూడా అలాంటివాడొకడు దిగితే బావుండునని అనిపించడం సహజం.

అయితే మిత్రులారా, అలాంటివాళ్ళు నిజంగానే దిగారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య, 1919 నుంచి 1939 దాకా ఇరవయ్యేళ్ళలో, యూరప్‌లో దేశం తర్వాత దేశంలో దిగారు. ఎలా దిగారు? ఎవరు దింపారు? ఈ వారం ఆ కథ చెప్పుకుందాం. సినిమా పత్రికలో చరిత్ర పాఠమేమిటని విసుక్కోకండి. ఈ కథ నిండా సినిమా ఉంది. చివర్లో ఖమ్మంలో చదువుకున్న మన సినిమా కవి కూడా ఉన్నాడు. కాబట్టి మధ్యలో లేవకండి!

ఆముదం తాగించిన దేశభక్తులు

మొదటి బొమ్మ ఇటలీలో పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ గెలిచిన పక్షమే. కానీ గెలిచిన సంబరం మాత్రం లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకి పనుల్లేవు. ధరలు మండిపోతున్నాయి. 1920లో కార్మికులు ఫ్యాక్టరీలని ఆక్రమించుకుని కూర్చున్నారు. డబ్బున్నవాళ్ళకి గుండెల్లో రాయి పడింది.

సరిగ్గా ఆ టైములో ఎంట్రీ ఇచ్చాడు బెనిటో ముస్సోలినీ. కొన్నాళ్ళు బడిపంతులు, తర్వాత పత్రికా సంపాదకుడు. మాటలతో మంటలు పుట్టించగలడు. 1919 మార్చి 23న మిలాన్ నగరంలో పార్టీకి పునాది వేశాడు. అతని మనుషుల యూనిఫాం నల్లచొక్కా. వాళ్ళ పని ఏమిటంటే, రైతు సంఘాల ఆఫీసులు తగలబెట్టడం, ఎదిరించే పత్రికల ప్రెస్సులు పగలగొట్టడం, దొరికినవాణ్ణి చితకబాది నోట్లో ఆముదం పొయ్యడం. అవును, ఆముదమే. చిన్నప్పుడు అమ్మ చెంచాడు పోస్తేనే మనం ఇల్లంతా పరిగెత్తేవాళ్ళం. వాళ్ళు సీసాలకి సీసాలు పోసి, నడివీధిలో మనిషి పరువు తీసేవాళ్ళు. ఇదంతా చూస్తూ పోలీసులు చాలాచోట్ల పక్కకి తిరిగి నిలబడ్డారు. పెద్ద భూస్వాములు ఖర్చులకి డబ్బిచ్చారు.

1919 ఎన్నికల్లో ముస్సోలినీ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. మరి 1921లో 35 సీట్లు ఎలా వచ్చాయి? రాజకీయాల్లో తల పండిన ప్రధాని జొలిట్టి వాళ్ళని తన కూటమిలో కలుపుకున్నాడు. ఈ కుర్రాళ్ళని వాడుకుని సోషలిస్టుల పని పడదాం, తర్వాత వీళ్ళే దారికొస్తారు అనుకున్నాడు. ఈ లెక్కని గుర్తుపెట్టుకోండి. ఈ కథలో ఇంకో రెండుసార్లు వస్తుంది.

1922 అక్టోబరు 28న పాతిక ముప్పైవేలమంది నల్లచొక్కాలవాళ్ళు రోం నగరం మీదికి బయల్దేరారు. సరైన ఆయుధాల్లేవు, వాన, బురద. సైన్యం గట్టిగా ఒక అడుగు ముందుకు వేస్తే చెదిరిపోయే గుంపది. మంత్రివర్గం సైనిక శాసనం కాగితం రాసి రాజు ముందు పెట్టింది. రాజు విక్టర్ ఇమ్మాన్యుయెల్ సంతకం పెట్టనన్నాడు! పైగా ముస్సోలినీనే పిలిచి ప్రధానిని చేశాడు. మన హీరోగారు గుర్రమెక్కి కోట బద్దలుకొట్టాడనుకునేరు. మిలాన్‌లో రాత్రి రైలెక్కి, పడుకుని, 30వ తేదీ పొద్దున రోంలో దిగాడు. అంతే.

1924లో మట్టెయొట్టి అనే సోషలిస్టు సభ్యుడు పార్లమెంటులో లేచి, ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాలన్నీ చదివి వినిపించాడు. పది పన్నెండు రోజులకే, జూన్ 10న, అతణ్ణి కారులో ఎత్తుకుపోయి చంపేశారు. దేశం అట్టుడికింది. ముస్సోలినీ పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. ప్రతిపక్షాలు నిరసనగా సభ నుంచి బయటికి నడిచాయి. ఇక రాజుగారు చూసుకుంటారనుకున్నాయి. రాజుగారు చూస్తూ కూర్చున్నారు. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో నిలబడి, జరిగిందానికంతా బాధ్యత నాదేనన్నాడు. ఏం చేస్తారో చెయ్యండని దాని అర్థం. ఎవరూ ఏమీ చెయ్యలేదు. 1926 ముగిసేసరికి ఇటలీలో మిగిలింది ఒకే పార్టీ.

ఎలకలు ఆపిన సినిమా

రెండో బొమ్మ జర్మనీ. అది యుద్ధంలో ఓడిన దేశం. 1923లో ధరలు ఎంత పిచ్చెక్కాయంటే ఒక్క డాలరుకి 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు! ఆ ఏడాదే మ్యూనిక్‌లో హిట్లర్ తుపాకులతో ప్రభుత్వాన్ని కూలదొయ్యబోయి బోల్తాపడ్డాడు. కోర్టు అయిదేళ్ళు శిక్ష వేసింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే వదిలేసింది. దేశద్రోహానికి అంత మెత్తటి శిక్ష! జైల్లోంచి వచ్చినవాడు రూటు మార్చాడు. ఈసారి తుపాకీ కాదు, ఓటు.

1928లో నాజీలకి వచ్చిన ఓట్లు నూటికి రెండున్నర. జనం నవ్వుకున్నారు. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. ఆ దెబ్బకి జర్మనీలో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1932కల్లా పనుల్లేనివాళ్ళు 60 లక్షలు. ఆకలితో ఉన్నవాడికి 'నీ కష్టానికి కారణం అదిగో, ఆ యూదుడు' అని ఒక ముఖాన్ని చూపించాడు హిట్లర్. 1930లో 107 సీట్లు, 1932 జూలైలో 230 సీట్లు!

మన సినిమావాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతొకటి 1930 డిసెంబరులో జరిగింది. బెర్లిన్‌లో 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అనే అమెరికన్ పిక్చర్ విడుదలైంది. యుద్ధంలో కుర్రాళ్ళు ఎలా మట్టికొట్టుకుపోతారో చూపించే కథ. ఆస్కార్ కొట్టిన బొమ్మ. నాజీలకి నచ్చలేదు. గోబెల్స్ తన మనుషుల్ని టిక్కెట్లు కొనిపించి మరీ హాల్లోకి పంపాడు. బొమ్మ మొదలవగానే తెల్ల ఎలకల్ని వదిలారు, కంపుకొట్టే బాంబులు విసిరారు, జనాన్ని కొట్టారు. షో ఆగిపోయింది. వీధుల్లో రోజూ ఊరేగింపులు. వారం తిరక్కుండా ప్రభుత్వం ఏం చేసింది? ఎలకలు వదిలినవాళ్ళని పట్టుకుందా? కాదండీ, సినిమాని నిషేధించింది!

చూశారా? అప్పటికి హిట్లర్ మంత్రి కూడా కాడు. అధికారానికి ఇంకా రెండేళ్ళ పైన దూరం ఉంది. హాల్లో ఎలకలకి భయపడిన ప్రభుత్వం వీధిలో లాఠీలకి నిలబడుతుందా?

సిల్వర్ జూబిలీకి పది రోజుల ముందే

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. జర్మన్లు సగానికి పైగా ఓట్లేసి హిట్లర్‌ని గెలిపించారనుకుంటారు. లేదు. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ నాజీలకి సగం ఓట్లు రాలేదు. 1932 నవంబరులో అయితే 230 నుంచి 196 సీట్లకి దిగిపోయారు కూడా. సోషల్ డెమోక్రాట్లవి, కమ్యూనిస్టులవి కలిపితే 221. కానీ వాళ్ళిద్దరూ కలిస్తేగా! ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడానికే పొద్దు చాల్లేదు.

బొమ్మ ఫ్లాప్ కాబోతున్న టైములో కొత్తగా థియేటర్ ఇచ్చింది పెద్దమనుషులు. పాపెన్ అనే మాజీ ప్రధాని, అతని దోస్తులు ముసలి ప్రెసిడెంటు హిండెన్‌బర్గ్ చెవిలో ఊదారు. హిట్లర్‌ని ప్రధానిని చేద్దాం, చుట్టూ మనవాళ్ళే ఉంటారు, కుర్చీ అతనిది, పెత్తనం మనది అన్నారు. ఇటలీలో జొలిట్టి వేసిన లెక్కే! 1933 జనవరి 30న హిట్లర్ కుర్చీ ఎక్కాడు. ఆ మంత్రివర్గంలో అతనితో కలిపి నాజీలు ముగ్గురే.

ఆ తర్వాత రోజులు లెక్కపెట్టండి. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే పత్రికా స్వేచ్ఛ, సభలు పెట్టుకునే హక్కు అన్నీ రద్దు. మార్చి 22న డకావ్‌లో నిర్బంధ శిబిరం తెరిచారు. 23న పార్లమెంటు చేతే, పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసే అధికారం హిట్లర్‌కి ఇప్పించారు. నాలుగేళ్ళకే అన్నారు, తాత్కాలికం అన్నారు. హాలు చుట్టూ నాజీ దళాలు కాపలా. కమ్యూనిస్టు సభ్యుల్ని అసలు లోపలికే రానివ్వలేదు. అయినా 94 మంది సోషల్ డెమోక్రాట్లు ధైర్యంగా వద్దని ఓటేశారు. మిగతా 444 మంది సరేనన్నారు. జూలై 14న, నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీ ఉండకూడదని చట్టం వచ్చింది.

జనవరి 30 నుంచి జూలై 14కి 165 రోజులు. మన లెక్కలో చెప్పాలంటే సిల్వర్ జూబిలీకి ఇంకా పది రోజులుండగానే ఒక పెద్ద దేశంలో ప్రజాస్వామ్యం బొమ్మ ఎత్తేశారు. తాత్కాలికంగా ఇచ్చిన ఆ అధికారం పన్నెండేళ్ళ తర్వాత, బెర్లిన్ బూడిదయ్యాకగానీ తిరిగి రాలేదు.

మేఘాల్లోంచి హీరో ఎంట్రీ

ఇక ఈ నియంతలు సినిమాని ఎంత ప్రేమించారంటే, మన నిర్మాతలు కూడా సిగ్గుపడాలి. ముస్సోలినీ 1926లోనే ప్రతి హాల్లో ప్రభుత్వ న్యూస్ రీల్ వెయ్యాలని చట్టం చేశాడు. టిక్కెట్టు కొన్నవాడు కథ కన్నా ముందు ముస్సోలినీ ముఖం చూడాలన్నమాట. 1932లో వెనిస్ చిత్రోత్సవం మొదలైంది అతని ఏలుబడిలోనే. 1937 ఏప్రిల్ 28న రోంలో చినెచిత్తా స్టూడియోకి రిబ్బన్ కత్తిరించాడు. సరిగ్గా ఎనిమిదేళ్ళకి, 1945 ఏప్రిల్ 28న, అతణ్ణి సొంత దేశంవాళ్ళే పట్టుకుని కాల్చేశారు. రిబ్బనూ ఆ తేదీనే, ముగింపూ ఆ తేదీనే!

హిట్లర్ ఇంకా ఘనుడు. 1934లో న్యూరెంబర్గ్‌లో పార్టీ సభలు జరిగితే లెనీ రీఫెన్‌స్టాల్ అనే డైరక్టరమ్మ చేత 'ట్రయంఫ్ ఆఫ్ ది విల్' తీయించాడు. మొదటి సీనులోనే మేఘాలు. మేఘాల్లోంచి విమానం. విమానంలోంచి నాయకుడు. కింద వేలమంది ఎదురుచూస్తుంటారు. కెమెరా కిందనుంచి పైకి చూస్తుంది, నాయకుడు ఆకాశమంత ఎత్తు కనిపిస్తాడు. ఎక్కడో చూసినట్టుందా? మన హీరోల ఇంట్రడక్షన్ షాట్ గుర్తు తెచ్చుకోండి. మన హీరో సినిమా అవ్వగానే మేకప్ కడుక్కుని ఇంటికి పోతాడు. ఆయన మేకప్ కడుక్కోలేదు. తేడా అదీ.

నచ్చని సినిమావాళ్ళు ఏమయ్యారు? ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'డాక్టర్ మబూజె' కొత్త బొమ్మని 1933లో నిషేధిస్తే ఆయన దేశం విడిచి హాలీవుడ్ చేరాడు. అందాలతార మార్లిన్ డీట్రిచ్‌ని తిరిగి రమ్మని ఎన్ని ఆశలు పెట్టినా ఆమె రానంది. 1939లో అమెరికా పౌరసత్వం పుచ్చుకుంది. అందరికీ హాలీవుడ్ దొరకలేదు. ఎందరో యూదు నటులు, సంగీతకారులు శిబిరాల్లో బూడిదయ్యారు.

"సరే గానీ అన్నా, హిట్లర్ రోడ్లు వేశాడు కదా" అంటారు మనవాళ్ళు. కొలోన్ నుంచి బాన్‌కి మోటారు రోడ్డు తెరిచింది 1932లో, హిట్లర్ రాకముందే. ఆయన ముందున్నదాన్ని పెంచి, ఫోటోలు మాత్రం తనవి వేయించుకున్నాడు. బిల్లు ఎంతైందో కూడా చూడాలిగా? 60 లక్షలమంది యూదులు. యుద్ధంలో మొత్తం అయిదు కోట్ల పైన ప్రాణాలు. ఏ రోడ్డుకీ అంత రేటు ఉండదు.

గోదావరికి ఇవతల

ఇదంతా ఏడు సముద్రాల అవతలి గొడవ, మనకెందుకు అంటారా? మళ్ళీ ఖానాపురం హవేలికి రండి. ఈ పేరు చివరి 'హవేలి' పాత రెవెన్యూ లెక్కల మాట. జమీందారుల చేతిలో లేకుండా నేరుగా సర్కారుకి చెందిన భూమిని అలా పిలిచేవాళ్ళు. ఖమ్మం ప్రాంతమంతా అప్పట్లో వరంగల్ జిల్లా, నిజాం రాజ్యం. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోది. 1947 ఆగస్టు 15న నదికి ఆ గట్టున స్వతంత్ర భారతం, ఈ గట్టున బూర్గంపహాడ్, పాల్వంచ వైపు నిజాం సర్కారు. మధ్యలో నీళ్ళు, చుట్టూ అడవి.

నిజాం వంశపారంపర్యంగా వచ్చిన రాజు. ఆయన్ని ముస్సోలినీతో ఒకే గాటన కట్టెయ్యడం సరి కాదు. కానీ రజాకార్ల సంగతి చూడండి. 1946లో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ మజ్లిస్ పార్టీ పగ్గాలు పట్టాడు. యూనిఫాం, కవాతులు, ఆవేశపు ఉపన్యాసాలు, ఊళ్ళ మీద దాడులు. నల్లచొక్కాల పాఠాన్ని ఎవరో తర్జుమా చేసినట్టుండేది. ఖమ్మం, మధిర వైపు నుంచి ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలో తలదాచుకున్నాయి. 1948 ఆగస్టులో, భారత్‌లో కలవడమే మంచిదని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని హైదరాబాదు వీధిలో నరికి చంపారు. అదే నెల 27న బైరాన్‌పల్లిలో పదులకొద్దీ గ్రామస్థుల్ని బలితీసుకున్నారు.

మరి ఆ మూడో లెక్క ఎక్కడంటారా? నిజాం కూడా అదే వేశాడు. ఢిల్లీతో బేరానికి ఈ గుంపు ఉపయోగపడుతుందనుకుని పెరగనిచ్చాడు. 1947 అక్టోబరు చివర రజాకార్ల గుంపు ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటినే చుట్టుముట్టింది. ఆయన పదవి వదులుకున్నాడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి, 17న నిజాం లొంగిపోయాక, 23న ఆయన రేడియోలో ఏమన్నాడో తెలుసా? రజ్వీ ముఠా హిట్లర్ జర్మనీని గుర్తుచేసే పద్ధతుల్లో రాజ్యాన్ని చేజిక్కించుకుందనీ, తనని నిస్సహాయుణ్ణి చేసిందనీ వాపోయాడు! ఆ పోలిక తెచ్చింది నేను కాదు, సాక్షాత్తూ నిజాం ప్రభువు. నిజమే చెప్పాడు. కాకపోతే తలుపు తీసింది ఎవరో మాత్రం చెప్పలేదు.

ఇది హిందూ ముస్లిం కథ అనుకుంటే మళ్ళీ తప్పులో కాలేసినట్టే. షోయబుల్లా ఖాన్ ముస్లిమే. నిజాం మీద కలమెత్తి అజ్ఞాతంలోకి వెళ్ళిన కవి మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిమే. 1982 నాటి హిందీ చిత్రం 'బాజార్'లో ఆయన గజల్ విని మీరు తల ఊపే ఉంటారు. రజాకార్లు పోయాక ఇంకో ఘోరం జరిగింది. వాళ్ళ పాపానికి ఏమీ ఎరగని ముస్లిం కుటుంబాల మీద పగ తీర్చుకున్నారు. పండిట్ సుందర్‌లాల్ కమిటీ వేసిన అంచనా ప్రకారం పోలీసు చర్య రోజుల్లోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలు. విలన్ పోయినా అతను నేర్పిన ద్వేషం ఊళ్ళో ఉండిపోతుంది. దానికి శుభం కార్డు పడదు.

బొగ్గుముక్క

ఇప్పుడు మన కవి. 1925లో చిన్నగూడూరులో పుట్టి, ఖమ్మం హైస్కూల్లో చదువుకున్న దాశరథి కృష్ణమాచార్య. నిజాంని ఎదిరించినందుకు నిజామాబాదు జైల్లో పడేశారు. కాగితం లేదు, కలం లేదు. బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాశాడు. పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి తోడు. ఆ ఆళ్వారుస్వామికే 1949లో 'అగ్నిధార' పుస్తకాన్ని అంకితమిచ్చాడు.

అదే దాశరథి 1961లో 'వాగ్దానం', 'ఇద్దరు మిత్రులు' చిత్రాలకి పాటలు రాశాడు. ఆ తర్వాత ఎన్ని ప్రేమగీతాలో! మీ నాన్నగారూ అమ్మగారూ రేడియో దగ్గర కూర్చుని విన్న ఆ మెత్తటి పాటలు, జైలుగోడ మీద బొగ్గుతో నిప్పులు రాసిన చేతివే. నియంత ఉన్నచోట ఆ చేతికి గోడ తప్ప ఏమీ దొరకలేదు. నియంత పోయాకే ప్రేమపాట రాసుకునే తీరిక దొరికింది. స్వేచ్ఛ అంటే పెద్ద పెద్ద మాటలక్కర్లేదు, ఇదే.

కాబట్టి కుర్రమిత్రులారా, తెరమీద హీరో ఒంటిచేత్తో వందమందిని చితకబాదితే ఈల వెయ్యండి. నేనూ వేస్తాను. డబ్బులిచ్చి కొనుక్కున్న సరదా అది. కానీ హాలు బయట ఎవడైనా వచ్చి 'మీ కష్టాలన్నిటికీ వాళ్ళే కారణం' అని పక్కింటివాణ్ణి చూపిస్తే, కొన్నాళ్ళపాటు పత్రికలూ కోర్టులూ నోరు మూసుకుంటే అన్నీ సర్దేస్తానంటే, నచ్చని సినిమా ఆడుతున్న హాలు మీదికి మనుషుల్ని పంపితే, చప్పట్లకి ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ మాత్రం ఆగినవాళ్ళు 1930లో బెర్లిన్‌లో ఇంకాస్త ఎక్కువమంది ఉంటే, ఎలకల్ని పట్టుకుని బొమ్మ ఆడించేవాళ్ళు.

తెరమీది విలన్‌కి మూడు గంటలే ఆయుష్షు. ముస్సోలినీ ఇరవయ్యేళ్ళ పైన ఆడాడు. హిట్లర్ పన్నెండేళ్ళు. స్పెయిన్‌లో ఫ్రాంకో 1939లో అంతర్యుద్ధం గెలిచి 1975లో చనిపోయేదాకా కుర్చీ దిగలేదు. ఆ హాళ్ళలో తలుపులకి బయటనుంచి గడియ. బొమ్మ బావులేదని లేచి వచ్చే వీలుండదు.

(వచ్చే వారం: హిట్లర్ కన్నా నాలుగు రోజులు ముందు పుట్టి, అదే రకం మీసం పెట్టుకుని, 1940లో 'ది గ్రేట్ డిక్టేటర్' తీసి అతణ్ణి లోకమంతా నవ్వేలా చేసిన చార్లీ చాప్లిన్ కథ)